తద్దినం వంటలో చోటు దొరకని కారం: ఉత్తరాంధ్రలో మిరప ప్రస్థానం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఆచారం పాటించే బ్రాహ్మణ ఇళ్ళలో తద్దినం నాడు వంటలో మిరపకాయ పడదు. కారమంతా మిరియాలదే. బాలింత పథ్యంలోనూ మిరియాలు, శొంఠి, పిప్పళ్ళదే పెత్తనం. పితృకార్యం, పురుడు వంటి వాటిలో వంట తొందరగా మారదు. అందుకే మిరపకాయ మనకు కొత్త చుట్టమని చెప్పే సాక్ష్యం ఇప్పటికీ ఈ వంటిళ్ళలో మిగిలి ఉంది.

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ ఆ తీరం చేరాకే అది సముద్రాలు దాటింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో మన పడమటి తీరంలో దిగింది. అంతకుముందు మనవాళ్ళు కారం తినలేదని కాదు. విశాఖ మన్యంలో చింతపల్లి వైపు పిప్పలి తీగను వేరు కోసం నేటికీ పెంచుతారు. ఆ వేరే పిప్పళ్ళ మోడి. మిరియాలు మాత్రం ఎక్కువగా మలబారు నుంచి రావలసిందే. ఆ లోటు తీర్చాలని ఈస్టిండియా కంపెనీ కూడా ప్రయత్నించింది. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఆ ఊరికి ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియపు తీగను చూసి, 1780ల్లో తోట వేయించాడు. ఆ తోట నిలవలేదు.

కంపెనీ అండతోనూ మిరియం చేయలేని పనిని మిరప ఎవరి అండా లేకుండా చేసింది. మిరియపు తీగకు చెట్టు ఊతం కావాలి, నీడ కావాలి, కాపుకు కొన్నేళ్ళు ఆగాలి. మిరప అలా కాదు. ఒక్క పండులో పదుల కొద్దీ విత్తనాలుంటాయి. దొడ్లో చల్లితే మూడు నెలలు తిరగకుండా కాయ చేతికొస్తుంది. డబ్బు పెట్టి కొనలేని ఘాటు పేదింటి పెరట్లోనే కాసింది. చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళే మనిషికి చేతిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. దేశంలోకి వచ్చిన విదేశీ పంటల్లో కూలిజనం నాలుకకు ఇంతగా మేలు చేసింది మరొకటి లేదని నా నమ్మకం. ఇక్కడి వంట మాత్రం మిరపకు పూర్తిగా లొంగలేదు. ఆవపెట్టిన కూర, బెల్లం వేసిన పులుసు తమ చోటు వదులుకోలేదు.

మరి గుంటూరులా ఇక్కడ మిరప పెద్ద వాణిజ్య పంట ఎందుకు కాలేదు? రైతు చేతకాక కాదు, వానల వల్ల. ఎండుమిర్చికి తేమ పట్టి ఉంచే నల్లరేగడి కావాలి, కాయ పండి కళ్ళంలో ఎండే వేళకు ఆకాశం తెరిపి ఇవ్వాలి. పండిన కాయలో ముప్పాతిక వంతు దాకా నీరే ఉంటుంది. దాన్ని పదో వంతుకు దించితేగాని నిలవ ఉండదు. మధ్యలో తడిస్తే కాయ రంగు పోయి తాలు అవుతుంది. ఇక్కడ ఎక్కువగా ఎర్రనేలలు, పల్లమంతా వరి. ఖరీఫ్ మిరప పూతకొచ్చేది సరిగ్గా తుపానుల నెలలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. రెండు రోజులు నీళ్ళు నిలిస్తే మిరప వేరు కుళ్ళిపోతుంది. గాలి తేమ కాయకుళ్ళును పిలుస్తుంది.

అందువల్ల పరిశోధన కూడా దక్షిణ కోస్తాలోనే నడిచింది. గుంటూరు దగ్గర లాం ఫారంలో జి-4, సింధూర్, ఎల్‌సీఏ-334 వంటి రకాలు వచ్చాయి. ఉత్తరాంధ్రకు ప్రత్యేకంగా ఎండుమిర్చి రకం కావాలని అడిగే ఒత్తిడి ఏనాడూ గట్టిగా లేదు. ఆమదాలవలస కేంద్రం గోగునారను చూసుకుంది, అనకాపల్లి చెరకును చూసుకుంది.

ఇక్కడి మిరప దారి పచ్చికాయ మీదుగా సాగింది. బావి, బోరు ఉన్న గరువుల్లో వంగ, టమాటా సరసన మిరప మడి వేస్తారు. ఎండబెట్టే బెంగ లేదు, కోసిన మర్నాడే డబ్బు. రామభద్రపురం కూరగాయల మార్కెట్టు నుంచి సరుకు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాకా పోతుంది. హైబ్రిడ్లు, ట్రేలలో పెంచిన నారు దిగుబడి పెంచాయి, పెట్టుబడినీ పెంచాయి. 2021-22లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను ఊడ్చేసినప్పుడు, ఎన్ని మందులు కొట్టినా పూత నిలవక రైతులు విలవిల్లాడారు.

కారం లేని మిరపది మరో కథ. బెంగళూరు మిర్చి అని మనం పిలిచే బుంగమిరప, పచ్చిమిరప ఒకే జాతి. కారాన్ని పుట్టించే జన్యువు బుంగమిరపలో పనిచేయదు, ఘాటులో తేడా అందుకే. పగటి వేడి 32 డిగ్రీలు దాటితే దాని పూత రాలుతుంది. కనుక తీరప్రాంతంలో చలికాలమే దానికి అదను, లేదంటే షేడ్‌నెట్ వేయాలి.

పెరటి విత్తనం కాపాడుకోవాలనుకునేవారు ఈ చుట్టరికాన్ని గుర్తుంచుకోవాలి. ఆకాశం వైపు నిలబడి కాసే చిన్న మిరప ఏ తాతమ్మ దొడ్లో మిగిలి ఉన్నా, పక్కన బుంగమిరప వేస్తే తేనెటీగలు పుప్పొడిని కలిపేస్తాయి. ఆ ఏటి కాయలో తేడా కనిపించదు. దాని విత్తనం వేసిన తరువాతి తరాల్లోనే కాయ తీరు, ఘాటు చెదిరిపోతాయి. అందుకని విత్తనానికి ఉంచే కొమ్మకు మొగ్గ విప్పకముందే పల్చని గుడ్డ సంచి కట్టాలి. పిందె కట్టాక సంచి తీసి, కొమ్మకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. కాయ చెట్టునే ఎర్రగా పండాక కోసి, గింజలను నీడలో ఆరబెట్టి గాలి చొరని సీసాలో దాస్తే రెండేళ్ళ దాకా మొలుస్తాయి.