బాయిలర్ గది గాయకుడు

సోవియట్ సాహిత్యమంటే మన తరానికి విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో దొరికిన గోర్కీ, షోలొఖోవ్, ఐత్మాతోవ్. అదే కాలంలో ఆ దేశపు యువకులు ఒకరి టేపు నుంచి మరొకరు ఎక్కించుకుని విన్న పాటల గురించి మనకెవరూ చెప్పలేదు. మనమూ అడగలేదు. ఆ పాటల్లో ముఖ్యమైన గొంతు విక్టర్ త్సోయ్‌ది.

1962 జూన్ 21న లెనిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. తల్లి రష్యన్, వ్యాయామోపాధ్యాయురాలు. తండ్రి కొరియన్ జాతి ఇంజనీరు. ఆ జాతి ప్రజలను 1937లో దూరప్రాచ్యం నుంచి మధ్యాసియాకు బలవంతాన తరలించారు. చిత్రకళా పాఠశాల గెంటేస్తే త్సోయ్ కొయ్య చెక్కడం నేర్చుకున్నాడు. 1981లో మిత్రులతో కట్టిన బృందం మరుసటి ఏడు ‘కినో’ అయింది. ఆ ఏడే వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ‘45’. నిడివి సుమారు నలభై అయిదు నిమిషాలు గనక! దాన్ని ప్రభుత్వ రికార్డు కంపెనీ తీసుకురాలేదు. ఆంద్రేయ్ త్రొపీల్లొ అనే ఆయన చిన్న స్టూడియోలో తయారయింది. లెనిన్‌గ్రాడ్ రాక్ క్లబ్బులో పాడాలంటే పాటను ముందుగా అధికారులకు చూపించి ముద్ర వేయించుకోవాలి.

1986లో ‘కమ్చాత్కా’ అని పిలుచుకునే బాయిలర్ గదిలో బొగ్గు ఎత్తిపోసే పనిలో చేరాడు. ఇక్కడ మన విమర్శకుడెవరైనా వెంటనే ‘శ్రామిక గాయకుడు’ అని బిరుదు తగిలించే ప్రమాదముంది. అసలు సంగతి వేరు. ఉద్యోగం లేనివాణ్ని పరాన్నభుక్కు కింద శిక్షించే చట్టం అక్కడ ఉండేది. 1964లో కవి బ్రాడ్‌స్కీకి ప్రవాస శిక్ష పడింది ఆ నేరం మీదే. అంచేత గుర్తింపు లేని కవులూ గాయకులూ కాపలావాళ్లుగానో బాయిలర్ కూలీలుగానో చేరేవారు. కాస్త తీరిక దొరికేది. శ్రామిక రాజ్యంలో కళాకారుడు శ్రమ చాటున తలదాచుకోవలసి రావటమనే ఈ ముల్లు అభ్యుదయవాదులమైన మనకే ఎక్కువ గుచ్చుకోవాలి. దీన్ని చూపి సోషలిజమే దండగ అనేవారితో నాకు పేచీ ఉంది. చూడనట్లు నటించే మనవాళ్లతో అంతకంటే పెద్ద పేచీ ఉంది.

అతని బాణీ బ్రిటిష్ ‘న్యూ వేవ్’ నుంచి వచ్చింది. ఆవేశం కనబడని గొంతు. మాటలన్నీ ఇంట్లోవీ వీధిలోవీ: టీ, సిగరెట్టు, వంటగది, వాన, రాత్రి. 1986లో మొదట పాడిన ‘మార్పు’ పాటలోనూ ఇవే. మన ఉద్యమ గీతాలు చాలావరకు విధ్యర్థకంలో నడుస్తాయి, కదలమంటాయి, లెమ్మంటాయి. ఆ పాటలో ఎవరికీ ఆదేశం లేదు, ఎదురుచూపు ఉంది. దాని బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

1987 నాటి ‘అస్సా’ చిత్రం చివర సొలొవ్యోవ్ దాన్ని వాడిన తీరు మరవలేనిది. హోటల్లో పాడటానికి వచ్చిన త్సోయ్ ముందు అధికారిణి నిబంధనలు చదువుతూంటుంది. ఎవరికి అనుమతి ఉంది, ఏ కాగితాలుండాలి... అదొక అంతులేని పాఠం. అతను ఏమీ అనడు. మధ్యలోనే లేచి వేదిక మీదికి నడుస్తాడు. పాట మొదలవుతుంది. హోటలు గది కాస్తా వేలాదిమంది ఉన్న బహిరంగ సభ అవుతుంది. వస్తువూ శిల్పమూ వేరువేరని వాదించేవారికి ఈ ఒక్క దృశ్యం చూపిస్తే చాలు.

తర్వాతిదంతా వేగం. 1988లో ‘సూది’ చిత్రంలో కథానాయకుడు. ఆ ఏడే ‘రక్తవర్గం’ ఆల్బమ్. 1990 జూన్ 24న మాస్కో లుజ్నికీ స్టేడియంలో పాడాడు. ఆగస్టు 15న లాత్వియాలో అతని మాస్క్విచ్ కారు బస్సును ఢీకొంది. ఇరవై ఎనిమిదేళ్లు. సగంలో ఉన్న టేపులను మిత్రులు పూర్తిచేసి ఆ ఏడే విడుదల చేశారు.

2020 ఆగస్టులో మిన్స్క్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఒక కార్యక్రమంలో ఇద్దరు సౌండ్ ఆపరేటర్లు ‘మార్పు’ పాట పెట్టారు. ఏ పాలకుడి పేరూ లేని పాట అది. ఇద్దరికీ పదేసి రోజుల జైలు.