డ్రైవింగ్ లైసెన్సు సస్పెన్షన్ (భారతదేశం)

ప్రమాదకరంగా వాహనం నడిపిన వ్యక్తికి కొంతకాలం పాటు బండి నడిపే అర్హత లేకుండా చేసే చట్టపరమైన చర్య లైసెన్సు సస్పెన్షన్. మోటారు వాహనాల చట్టం, 1988లోని 19 నుంచి 24 వరకు ఉన్న సెక్షన్లు దీనికి ఆధారం.

ఈ అధికారం లైసెన్సు ఇచ్చే రవాణా శాఖ అధికారికీ, నేరం రుజువైనప్పుడు కోర్టుకూ ఉంది. రోడ్డు మీద బండి ఆపిన పోలీసులు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపగలరే తప్ప సస్పెండ్ చేయలేరు. కలకత్తా హైకోర్టు 2022లో ఈ సంగతి స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత, అలా వచ్చిన కేసులో అధికారి వాహనదారు వాదన వింటారు. తప్పు తేలితే మొదటిసారి 3 నెలల అనర్హత, మళ్లీ దొరికితే లైసెన్సు రద్దు. రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి చేతికొస్తుంది.

సిగ్నల్ జంప్, రాంగ్ రూట్, ఫోన్ పట్టుకుని నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్ పరిధిలోకి వస్తాయి. తాగి నడపడం 185వ సెక్షన్ కిందికి వస్తుంది. దీనికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. రాత్రి తనిఖీల్లో బ్రీత్ ఎనలైజర్‌లోకి ఊదించాక తెర మీద పడే అంకెను ఈ 30తోనే పోల్చి చూస్తారు. ఈ నేరం రుజువైతే కోర్టు కనీసం 6 నెలల అనర్హత విధించి తీరాలి. రెండోసారి శిక్ష పడితే లైసెన్సు రద్దు చేయాల్సిందే.

అన్నిటికన్నా కఠినమైనది 21వ సెక్షన్. ప్రమాదకర డ్రైవింగ్‌తో ఎవరినైనా చంపాడనో, తీవ్రంగా గాయపరిచాడనో కేసు నమోదైతే, తీర్పు కోసం ఆగకుండా ఆ రోజు నుంచే లైసెన్సు 6 నెలలు సస్పెండ్ అవుతుంది. ఈలోపు నిర్దోషిగా తేలితే సస్పెన్షన్ తొలగిపోతుంది. కానీ గతంలో 184 కింద శిక్ష పడినవారికే ఇది వర్తిస్తుంది. మొదటిసారే ప్రాణం తీసిన డ్రైవరు విషయం మళ్లీ అధికారి విచారణకో, కోర్టు తీర్పుకో మిగులుతుంది. ఇది చట్టంలో పెద్ద లోటు, సవరించక తప్పనిది.

తెలంగాణ 2017 ఆగస్టులో ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసే విధానం తెచ్చింది. అందులో 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది సస్పెన్షన్ అని పెట్టారు.

అధికారి ఉత్తర్వుపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అనర్హత కాలంలో బండి నడిపితే 3 నెలల వరకు జైలు, ₹10,000 జరిమానా, లేదా రెండూ పడతాయి.