మిరపకాయల నిల్వ

మిరపకాయలను ఏడాది పొడవునా వాడుకొనుటకు ఇంటిలో ఎండబెట్టి లేదా ఉప్పుతో ఊరవేసి భద్రపరచుటను '''మిరపకాయల నిల్వ''' అంటారు. అమెరికా ఖండాలకు చెందిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చింది.

== పద్ధతులు ==
నిజామాబాదు జిల్లాతో సహా తెలంగాణలో పండుమిరపకాయలను ఉప్పు, చింతపండుతో నూరి తొక్కుగా జాడీలలో ఉంచుతారు. పచ్చివాటిని ఉప్పు కలిపిన మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి చల్ల మిరపకాయలు చేస్తారు. ఎండుమిరపకాయలను మట్టినేలపై గాక పట్టాలపై ఆరబోసి, రాత్రి మంచు తగలకుండా కప్పవలెను.

== జాగ్రత్తలు ==
ఎండుమిరపలో తేమ 11 శాతం మించరాదు. బాగా ఎండిన కాయను ఊపితే గింజలు గలగలమంటాయి. తేమ మిగిలితే ''ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్'' అనే బూజు పెరిగి, అఫ్లాటాక్సిన్ అనే విషం ఏర్పడవచ్చు. ఇది కాలేయ క్యాన్సరు కారకం; వేయించినా పూర్తిగా నశించదు. కనుక బూజు పట్టిన కాయలను తుడిచి వాడక, పారవేయవలెను.