ఆరు నెలల అతిథి

1956 ఆగస్టు 8వ తేదీ ఉదయం బెల్జియంలోని మార్సినెల్ బొగ్గుగనిలో మంటలు లేచాయి. ఆ పూట గనిలోకి దిగిన 275 మందిలో 262 మంది ప్రాణాలతో పైకి రాలేదు. వారిలో 136 మంది ఇటాలియన్లు. అంతమంది ఇటాలియన్లు బెల్జియం భూగర్భంలో ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు సమాధానం 1946 నాటి ఒక ఒప్పందంలో ఉంది. ఇటలీ మనుషులను పంపాలి, బదులుగా బెల్జియం ఇటలీకి బొగ్గు పంపాలి. యుద్ధంలో చితికిపోయిన రెండు ప్రభుత్వాలు రాసుకున్న ఆ పత్రంలో కార్మికుడు దాదాపు ఒక మారకపు సరుకు.

మార్సినెల్ తర్వాత ఏడున్నర నెలలకు, 1957 మార్చి 25న, ఆరు దేశాలు రోమ్ ఒడంబడికపై సంతకాలు చేశాయి. దాని 48వ అధికరణం కార్మికులకు స్వేచ్ఛగా కదిలే హక్కునిచ్చింది. నిరుద్యోగులు కిక్కిరిసిన ఇటలీ పట్టుబట్టి సాధించుకున్న హక్కు అది. అయితే అందులోని మాటలను జాగ్రత్తగా చదవాలి: నిజంగా వచ్చిన ఉద్యోగావకాశాన్ని స్వీకరించడానికి వెళ్లవచ్చు అన్నారు. అంటే పని చేతిలో ఉన్నవాడికి తలుపు తెరిచారు. పని వెతుక్కుంటూ వచ్చేవాడి సంగతి? ఒడంబడిక మౌనం వహించింది. ఐరోపా గత అరవై ఏళ్ల వలస రాజకీయంలో సగం ఆ మౌనం చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

వైద్యం విషయంలో మాత్రం తొలి తరం నాయకులు తొందరగానే మేల్కొన్నారు. కొత్త సంస్థ 1958లో చేసిన మొట్టమొదటి నిబంధన భాషల గురించి. మూడవది వలస కార్మికుల సామాజిక భద్రత గురించి. ఒక దేశంలో కట్టిన చందా మరో దేశంలో వృథా పోకూడదన్నది దాని సారం. ఆసుపత్రి ఖర్చు ఎవరు భరించాలో దేశాలు తమలో తాము లెక్క చూసుకుంటాయి, రోగి ఆ గొడవలో పడనక్కరలేదు. ఇప్పటికీ ఆ యంత్రాంగమే నడుస్తోంది, 1971లోనూ 2004లోనూ తిరగరాసుకున్న రూపంలో. అయితే ఇదీ చందా కట్టిన చేతికి దక్కే హక్కే.

ఇక పని వెతుక్కునేవాడి దగ్గరకు వద్దాం. 1968లో స్వేచ్ఛా సంచార చట్టాలు చేసినప్పుడు మంత్రుల మండలి సమావేశపు మినిట్స్‌లో ఒక వాక్యం రాసుకున్నారు. ఉద్యోగం కోసం వచ్చినవారికి మూడు నెలల గడువు, ఈలోగా ప్రభుత్వ సహాయం అడిగితే వెళ్లిపొమ్మనవచ్చు. చట్టంలో రాయలేదు, మినిట్స్‌లో రాశారు. చట్టసభల వార్తలు రాసేవారికి ఈ విద్య కొత్తేమీ కాదు. బయటకు చెప్పడానికి మొహమాటపడే షరతులు ఎక్కువగా ఇలాంటి కాగితాల్లోనే బతుకుతాయి.

ఆ కాగితం విలువ ఎంతో 1991 ఫిబ్రవరి 26న ఐరోపా న్యాయస్థానం తేల్చింది. బ్రిటన్‌కు పని వెతుక్కుంటూ వచ్చిన ఒక బెల్జియన్‌ను మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడ్డాక పంపించివేయాలనుకున్నారు. సానుభూతి పుట్టించే కక్షిదారుడు కాడు. అయినా న్యాయమూర్తులు అతని నేరాన్ని పక్కనపెట్టి అసలు ప్రశ్నను పట్టుకున్నారు. వెతకడానికి వెళ్లే హక్కు లేకపోతే పనిచేయడానికి వెళ్లే హక్కుకు అర్థమేముంది? చట్టంలో ప్రస్తావన లేని మినిట్స్ వాక్యంతో తమకు సంబంధం లేదన్నారు. బ్రిటన్ పెట్టుకున్న ఆరు నెలల గడువు సమంజసమే. కానీ ఆ తర్వాత కూడా పని వెతుకుతున్నట్లు, దొరికే అవకాశం నిజంగా ఉన్నట్లు నిరూపించుకుంటే పొమ్మనడానికి వీల్లేదు. ఈ సూత్రం 2004 నాటి పౌరుల సంచార ఆదేశంలోకి ఎక్కింది. ఏ పనీ చేయకుండా మూడు నెలలకు మించి ఉండదలచిన పౌరుడు తగినంత డబ్బు, సంపూర్ణ ఆరోగ్య బీమా చూపాలి. ఉద్యోగార్థికి ఆ రెండు షరతులూ లేవు. అదే ఆదేశంలోని 24వ అధికరణం మాత్రం ఇతనికి సామాజిక సహాయం ఇవ్వనక్కరలేదంది. ఉండవచ్చు, అడగకూడదు.

మరి జబ్బు చేస్తే? సొంత దేశంలో నిరుద్యోగ భృతి పొందుతూ, నాలుగు వారాలపాటు అక్కడి ఉపాధి కార్యాలయానికి అందుబాటులో ఉన్నవాడు ఆ భృతిని వెంట తీసుకుపోవచ్చు. కొత్త దేశంలో ఏడు రోజుల్లో పేరు నమోదు చేసుకోవాలి. గడువు మూడు నెలలు, సొంత దేశం ఇష్టపడితే ఆరు. ఆ కాలంలో వైద్యం ఖర్చు సొంత దేశానిదే. 2004 జూన్‌లో వచ్చిన ఐరోపా ఆరోగ్య బీమా కార్డు కూడా తాత్కాలిక బసలో అవసరమైన చికిత్సకు పనికొస్తుంది. కానీ గడువు ముగిసిన మరునాడు ఆ మనిషి ఎవరి రోగి? చదువు ముగించి తొలి ఉద్యోగం కోసం బయల్దేరిన యువతికి వెంట తీసుకుపోవడానికి భృతే లేదు. మార్సినెల్ కార్మికుడికి కనీసం గని ఉంది. ఈమె పేరు ఏ దేశపు చందా జాబితాలోనూ లేకపోవచ్చు.

ఈ సందులోకే రాజకీయం చొరబడింది. రుమేనియా, బల్గేరియా పౌరులపై పని ఆంక్షలు తొలగిన రోజు 2014 జనవరి 1. సరిగ్గా అదే రోజున బ్రిటన్, కొత్తగా వచ్చిన ఉద్యోగార్థులకు మొదటి మూడు నెలలు భృతి లేదన్న నిబంధనను అమలులో పెట్టింది. అదే ఏడాది నవంబరు 11న, మరుసటి సెప్టెంబరు 15న జర్మనీ కేసుల్లో వచ్చిన తీర్పులు ప్రభుత్వాల వైపు మొగ్గాయి. రెండో కేసులో స్వీడన్ పౌరసత్వం గల తల్లీ కూతుళ్లు జర్మనీలో ఏడాదికి లోపే చిన్నాచితకా పనులు చేశారు. ఆరు నెలలు దాటాక సహాయం ఆపవచ్చునని, ఒక్కొక్కరి పరిస్థితినీ విడిగా తూచనక్కరలేదని న్యాయస్థానం చెప్పింది. 1991 తీర్పు మనిషిని చూసింది, 2015 తీర్పు క్యాలెండర్‌ను చూసిందని నా అభిప్రాయం. బ్రెగ్జిట్ ఓటుకు అప్పటికి తొమ్మిది నెలలే ఉంది. ఆ గాలి న్యాయస్థానం గోడలను తాకలేదని అనుకోవడం కష్టం. 2016 చివరలో జర్మనీ మరింత బిగించింది. పని లేని ఐరోపా పౌరులకు అయిదేళ్లు సహాయం ఉండదు. తిరుగు ప్రయాణం దాకా గరిష్ఠంగా ఒక నెల తిండి, బస, తీవ్రమైన జబ్బుకు, నొప్పికి చికిత్స.

తర్వాత గాలి కొంత మళ్లింది. 2020 డిసెంబరు 17న, బెల్జియంలో పని వెతికిన ఒక గ్రీకు పౌరుని కేసులో, మొదటి ఆరు నెలల్లో వెతుకుతున్నాడా అని అడగవచ్చు గానీ దొరుకుతుందా అని అడగరాదన్నారు. 2021 జూలై 15న లాత్వియా కేసులో, చట్టబద్ధంగా నివసిస్తున్న, పని లేని ఐరోపా పౌరుణ్ని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో చేర్చుకోకుండా తోసిపుచ్చరాదన్నారు. ఉచితంగా చేర్చుకోవాలని మాత్రం అనలేదు.

ముల్కీ నిబంధనల చరిత్ర తెలిసిన మనకు ఈ కథ పరాయిదిగా తోచదు. ఎవరు స్థానికుడు, ఎన్నేళ్లుంటే స్థానికుడు అన్న తగవు 1952లో, 1969లో మన వీధుల్లో నెత్తురు చిందించింది. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా స్థిరపడవచ్చని చెప్పినా, రేషన్ కార్డు చాలాకాలం సొంత ఊళ్లోనే ఉండిపోయింది.

జర్మనీకి పని వెతుక్కుంటూ వెళ్లే మనవారికి పైన చెప్పిన ఉద్యోగార్థి హక్కు వర్తించదు. అది ఐరోపా పౌరులది. మనవారికి 2024 జూన్ 1 నుంచి జర్మనీ ఇస్తున్నది అవకాశ కార్డు. ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా ఏడాది. గ్రీకు పౌరునికి, పని దొరుకుతుందా అని ఎవరూ ప్రశ్నించకుండా దక్కేది ఆరు నెలలు. కాకపోతే అతణ్ని బ్యాంకు నిల్వ, బీమా పత్రం చూపమని అడగరు. మనవారు వీసా దరఖాస్తులోనే ఆ రెండూ చూపాలి.