చైనాలో కీచురాళ్ల పెంపకం

చైనాలో కీచురాళ్లను ఇంట్లో పెంచే ఆచారానికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మొదట్లో వాటిని పెంచింది పాట కోసమే. టాంగ్ వంశపు కాలంలో, 742–756 మధ్య, అంతఃపుర స్త్రీలు శరత్కాలం రాగానే కీచురాళ్లను చిన్న బంగారు పంజరాల్లో ఉంచి, రాత్రిళ్లు తలగడ దగ్గర పెట్టుకుని వినేవారని ఒక పాత గ్రంథం చెబుతోంది. వారిని చూసి సామాన్యులూ పెంచసాగారు. ముందు రెక్కలను ఒకదానితో ఒకటి రాపాడించి పాడేది మగ కీచురాయి మాత్రమే.

ఒకే చోట చేరిన మగ కీచురాళ్లు పోట్లాడుకుంటాయి. సాంగ్ వంశపు కాలానికి (960–1279) ఈ స్వభావమే పందేలకు దారితీసింది. దక్షిణ సాంగ్ మంత్రి జియా సిదావో (1213–1275) రాశాడని చెప్పే గ్రంథం ఈ విషయంపై తొలి శాస్త్రంగా పేరుపొందింది. మంచి కీచురాయిని గుర్తించడం, మేపడం, జబ్బు నయం చేయడం అందులోని విషయాలు.

మింగ్ చక్రవర్తి జువాండె (పాలన 1425–1435) కీచురాళ్లపై మక్కువతో వాటిని ప్రజల నుంచి రాబట్టాడు. ఆయన కాలంలో జింగ్‌డెజెన్ పట్టణపు బట్టీల్లో కీచురాళ్ల కోసమే పింగాణీ పాత్రలు తయారయ్యాయి. ఈ వసూళ్ల వల్ల పేదలు పడ్డ బాధను పూ సాంగ్‌లింగ్ (1640–1715) తర్వాత ఒక కథగా రాశాడు.

పెంపకంలోని నేర్పు పాత్రల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఎండాకాలం, శరత్కాలాల్లో మందపాటి మట్టి పాత్ర లోపలి భాగాన్ని చల్లగా, చీకటిగా ఉంచుతుంది. అందులో చిన్న నీళ్ల మూకుడు, దాక్కోవడానికి మట్టి గూడు ఉంటాయి. అన్నం, దోసకాయ ముక్కలు ఆహారం. చలికాలానికి మట్టి పాత్ర పనికిరాదు. అప్పుడు కీచురాయిని సొరబుర్రలోకి మారుస్తారు. లేత సొరపిందెను అచ్చులో పెట్టి పెంచితే కోరిన ఆకారం, బొమ్మలు దానిపై ఏర్పడతాయి. చింగ్ వంశపు కాలంలో ఈ కళ రాజాస్థానంలో బాగా వృద్ధి చెందింది. మూతకు పెట్టిన రంధ్రాల గుండా పాట వినిపిస్తుంది. బుర్రను చొక్కా లోపల పెట్టుకుంటే శరీరపు వెచ్చదనం కీచురాయిని కాపాడుతుంది.

ఈ ఆచారాన్ని మానవశాస్త్రవేత్త బెర్తోల్డ్ లాఫర్ 1927లో చికాగో ఫీల్డ్ మ్యూజియం ప్రచురణ ద్వారా పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. సాంస్కృతిక విప్లవంలో (1966–76) అణచివేతకు గురైన ఈ పెంపకం ఆ తర్వాత మళ్లీ ఊపిరి పోసుకుంది. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని నింగ్‌యాంగ్ ఇప్పుడు కీచురాళ్ల సంతకు ప్రసిద్ధి. జూదం చైనాలో చట్టవిరుద్ధమైనా పందేల మోజు తగ్గలేదు. అయితే ఈ సంప్రదాయంలో నిజంగా నిలబెట్టుకోదగ్గది పందెం కాదు, ఇంత చిన్న ప్రాణికి కావలసిన చలువ, వెచ్చదనం, తిండి ఏమిటో తరతరాలుగా తెలుసుకున్న శ్రద్ధే.