మగ్గపుటింటి లెక్కకు రాని చేతులు

వస్త్రమునకు ఆధారము రెండు దారములు. నిలువున సాగునది పడుగు. అడ్డముగా నడుచునది పేక. ఋగ్వేదము ఆఱవ మండలమున వైశ్వానరాగ్నిని స్తుతించు సూక్తమునందు ఈ రెంటికిని తంతువు, ఓతువు అను పేర్లు కనబడుచున్నవి. ఇంతటి ప్రాచీనమైన నేతవృత్తి మన దేశమున కర్మాగారములలో పుట్టినది కాదు. ఇంట పుట్టి ఇంటనే పెరిగినది. పాల్కురికి సోమనాథుడు పట్టుపుట్టముల పేర్లను వరుసగా లెక్కించెను. చరిత్రకారులు వర్తకుల ఓడలను, సరకుల వెలలను లెక్కించిరి. కాని ఒక మగ్గము ఆడుటకు ఒక ఇంట ఎందఱు పాటుపడుదురో, వారి శ్రమకు లభించు కూలి ఎవరి పేర వ్రాయబడుచున్నదో విచారించినవారు తక్కువ. ఈ వ్యాసమునకు ఆ విచారణయే విషయము.

గంగవరము, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములు మైసూరు పీఠభూమి అంచున నున్నవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లానుండియు, మదనపల్లె కడప జిల్లానుండియు వచ్చి చేరినవి. ఈ మెట్టసీమ చల్లని గాలికి మల్బరీ తోటలు చక్కగా పెరుగును. తోట యున్నచోట పట్టుపురుగు, పట్టు ఉన్నచోట మగ్గము. మదనపల్లెను ఆనుకొనియున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధి కెక్కినది. అచట వీధిలో నడచువానికి ఇంటింట మగ్గపు చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడు నేయువాని ఉనికిని తెలుపును. అతని వెనుకనున్న వారి పనికి చప్పుడు లేదు.

ఆ పని ఎట్టిదో కొంత చెప్పవలసియున్నది. ముడిపట్టు చిలపలను ఉడికించి జిగురు వదల్పవలెను. రంగులద్ది నీడను ఆరవేయవలెను. ఆరిన దారమును రాట్నముపై తోడి, తెగినచోట అతికి, పడుగు పోయవలెను. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకవలెను. పట్టుచీర వెడల్పున వేలకొలది పోగు లుండును గనుక కన్ను చెదరక, చేయి వణకక చేయవలసిన పని యిది. మగ్గము సాగినంతసేపు నాడెలోనికి కండెలు చుట్టి అందించుచుండవలెను. ఈ పనులలో కొన్నింటికి కూలివారును కలరు. అయినను చాల ఇండ్లలో వీనిని భార్య, తల్లి, ఎదిగిన ఆడపిల్లలు వంటపనుల నడుమ నెరవేర్చుదురు. స్త్రీలే మగ్గముపై కూర్చుండి నేయు ఇండ్లును లేకపోలేదు.

పూర్వము ఈ శ్రమకు లెక్క ఉండెనా యని ప్రశ్నించినచో, ఉండెననియే చెప్పవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున సూత్రాధ్యక్షుని గూర్చిన ప్రకరణ మొకటి కలదు. వితంతువులు, అంగవికలలు, కన్యలు, సన్న్యాసినులు, వృద్ధదాసులు మున్నగువారిచే నూలు వడికింపవలెనని అందు విధింపబడినది. నూలు సన్నదనమును, ముతకదనమును పరీక్షించి కూలి నిర్ణయింపవలెను. ఇల్లు కదలని స్త్రీలకు దాసీలచేత పని పంపవలెను. తెల్లవారుజామున నూలు తెచ్చిన స్త్రీ ముఖమును చూచినను, పనికి సంబంధింపని మాట లాడినను అధికారికి దండనము కలదు. కూలి యిచ్చుటలో ఆలస్యము చేసినను దండనమే. నూలు వడికినది ఆమె. కూలియు ఆమె చేతికే.

ఈ గ్రంథము శతాబ్దములపాటు కంటబడక యుండెను. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున ఆర్. శామశాస్త్రి దీని తాళపత్రప్రతిని గుర్తించి, 1909లో అచ్చువేయించెను. ఒక గ్రంథాలయము ఒక ప్రతిని పదిలపఱచుటచే, నూలు వడికిన పేదరాలి కూలి సంగతి మరల లోకమునకు తెలిసినది.

అయితే ధర్మశాస్త్రకారులందఱిది ఒక్క మాట కాదు. స్త్రీ తన శిల్పముచే, అనగా చేతిపనిచే సంపాదించిన ధనముపై భర్తకే స్వామ్యమని కాత్యాయనస్మృతి చెప్పినది. పుట్టింటివారిచ్చినది స్త్రీధనమగును, తన వ్రేళ్ళు అరుగ సంపాదించినది కాకపోవును! ఇక విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు స్త్రీధనమను మాటకు విశాలమైన అర్థము చెప్పినను, పిత్రార్జితమున పుట్టుకతోనే హక్కు కుమారులకని స్థాపించెను. తిక్కన కాలమువాడైన కేతన ఆ శాస్త్రమును విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను. ఈ ధర్మము దక్షిణదేశమున ఆచారమై నిలిచినది. దానివలన నేతయింట మగ్గము, పెట్టుబడి, బేరసారములు కొడుకునకు సంక్రమించినవి. బాల్యమునుండి కండెలు చుట్టిన కూతురు అత్తవారింటికి పోయి, అచట మఱియొక మగ్గమునకు కండెలు చుట్టసాగెను.

శాస్త్రమెట్లున్నను వ్యవహారమున స్త్రీకి కొంత స్వతంత్రమైన రాబడి ఉండెడిది. శ్రీరంగపట్టణము పతనమైన మఱుసటి యేడు, 1800లో, కంపెనీవారి వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసునుండి బయలుదేరి, వేంకటగిరికోట మీదుగా బెంగళూరు చేరెను. అతని యాత్రాగ్రంథము 1807లో వెలువడినది. బెంగళూరు నేతవారిలో దేవాంగులను, తొగటవారిని, ఇతరులను అతడు పేర్కొనెను. వర్తకులు నేతవారికి ముందుగా సొమ్మిచ్చి సరకు కట్టివేసికొను పద్ధతిని వివరించెను. దానితోపాటు ఒక ముఖ్యమైన విషయమును వ్రాసియుంచెను. బ్రాహ్మణస్త్రీలు తప్ప తక్కిన కులముల స్త్రీలు వారపుసంతలో దూదిని కొని, ఇంట వడికి, ఆ నూలును నేతవారికి అమ్ముకొనుచుండిరట. అనగా నూలు సంతకు వచ్చిన సరకు. దానికి వెల కలదు. ఆ వెల వడికిన దాని కొంగున పడెడిది.

ఆ కొంగుముడిని విప్పినది యంత్రపు నూలు. 1820ల నుండి లాంకషైరు నూలు మన దేశమునకు దిగుమతి కాసాగెను. 1854లో బొంబాయిలో తొలి నూలుమిల్లు స్థాపింపబడినది. కాలక్రమమున మద్రాసులోను మిల్లులు వెలసినవి. మిల్లుబట్ట నేతగానిని దెబ్బతీసినదని అందఱును చెప్పుదురు; అది నిజమే. కాని మిల్లునూలు అంతకంటె ముందుగా రాటము చేతనున్న స్త్రీని దెబ్బతీసినది. నేతగాడు చౌకయైన మిల్లునూలు కొని ఏదోవిధముగా మగ్గము నిలుపుకొనెను. నూలు వడికెడు స్త్రీకి మాత్రము సంతలో చోటు పోయినది. అటుపిమ్మట నేతయింటి స్త్రీ పని తోడుట, పోయుట, అతుకుట, చుట్టుటగా మిగిలినది. వీనికి సంతలో వెల లేదు. ఇవి మగ్గపు మజూరిలో కలిసిపోయినవి.

అంతలో తాటినాడె వచ్చినది. ఇంగ్లండున జాన్ కే యనువాడు 1733లో దీనిని కనిపెట్టెను. త్రాడు లాగినంతనే నాడె ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తును. ఆ దేశమున నేత వేగము పెరుగగా నూలు చాలక, వడుకు యంత్రములు కనిపెట్టబడినవి. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దులలో తాటినాడె మన మగ్గములకును వ్యాపించినది. నేయువాని దినసరి నేత పెరిగినది; అందించువారి కండెలును ఆ మేరకు పెరిగినవి. మొదటి దానిని వృద్ధి యనిరి. రెండవది ఏ నివేదికకును అంతగా ఎక్కలేదు.

గాంధీమహాత్ముడు ఈ మర్మమును గ్రహించెను. 1925లో అఖిల భారత చరఖా సంఘమును స్థాపించి రాటమును మరల స్త్రీ చేతికిచ్చెను. ఖద్దరు చౌకగా నుండవలెనని అనుచరులు కోరుచున్నను, వడుకువారికి జీవనమునకు చాలినంత కూలి యీయవలసినదేయని 1935లో ఆయన పట్టుపట్టెను. బట్ట వెల పెరిగిన పెరుగుగాక, వడికినదాని కడుపు మాడరాదని ఆయన భావము.

ఇక జనాభాలెక్కల సంగతి. 1931 జనగణనమున పనిచేయు ఆశ్రితులు అను నొక తరగతి కల్పింపబడినది. ఇంటి వృత్తిలో పనిచేయుచునే సొంత సంపాదన లేనివారు ఇందు చేరిరి. పని చేయువారిని ఆశ్రితులనుట వింతయైనను, వారు పని చేయుచున్నారని ఒప్పుకొనుటయు ఒక మేలే. 1961 జనగణనమున గృహపరిశ్రమలో పనిచేయువారని ప్రత్యేకమైన తరగతి ఏర్పడినది. 2019-20 సంవత్సరపు నాల్గవ అఖిల భారత చేనేత గణనమున మగ్గపు పనివారు, అనుబంధ పనివారు కలసి 35,22,512 మంది తేలిరి. వీరిలో నేయువారు 26,73,891 మంది; అనుబంధ పనివారు 8,48,621 మంది. నేయువారిలో నూటికి 72 వంతులు స్త్రీలే. ఈశాన్య రాష్ట్రములలో స్త్రీలే నేయుట దీనికి ముఖ్యకారణము. అయినను నేతగాడు అను మాటను పుంలింగముననే పలుకుచున్న మనకు ఈ సంఖ్య ఆలోచనీయము.

గణనమున చేరినంత మాత్రమున కూలి చేరదు. మగ్గమున్న ఇంటికి సావుకారు పట్టును, జరీని తూచి యిచ్చును. చీర లప్పగించినపుడు మరల తూచుకొని మజూరి చెల్లించును. చిట్టాలో ఒక్క పేరే యుండును. ఉదాహరణకై ఒక లెక్క వేయుదము. మగ్గముపైనున్నవాడు దినమునకు 8 గంటలు, భార్య 5 గంటలు, ముసలితల్లి 3 గంటలు పనిచేసిరనుకొందము. మజూరి 400 రూపాయలనుకొందము. చిట్టా చూచినవానికి గంటకు 50 రూపాయలు గిట్టినట్లు తోచును. కాని ఇంటిలో జరిగిన పని 16 గంటలు. గంటకు దక్కినది 25 రూపాయలే. మిగిలిన 8 గంటల శ్రమ ధర్మముగా ఇచ్చినట్లయినది. ఈ దానము నేతగానికి కాదు. అతడును వారితోడివాడే. చౌకగా చీర కొన్నవారికిని, నడుమ నమ్మినవారికిని అది చెందుచున్నది.

పట్టుపురుగుల పెంపకమునను ఇదే తీరు. గ్రుడ్డునుండి వెడలిన పురుగు నాలుగు నిద్రలు లేచి, సుమారు ఇరువదియైదు దినములలో గూడు కట్టుటకు సిద్ధమగును. చివరి దశలో రేయింబవళ్ళు ఆకు వేయుచుండవలెను. ఆకు కోయుట, తట్టలు శుభ్రపఱచుట తరచుగా స్త్రీల పనియే. గూళ్ళమ్మిన సొమ్మో, తరచుగా భూమి ఎవరిపేర నున్నదో వారి చేతికి వచ్చును.

చట్టము కొంత ముందునకు నడిచినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగమున, స్త్రీ తన నైపుణ్యముచేతను కష్టముచేతను సంపాదించినదానికి ఆమెయే పూర్తి యజమానురాలని స్పష్టముగా చెప్పినది. కాత్యాయనుని మాట అచటితో చెల్లకపోయెను. పిత్రార్జితమున పెండ్లికాని కుమార్తెలకు సమానపు హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లో కల్పించినది. 2005లో కేంద్రము కుమార్తెలందఱికి దానిని వర్తింపజేసినది. పిల్లల విషయమున, 2016 నాటి సవరణ పదునాలుగేండ్లలోపువారిని పనిలో పెట్టరాదని శాసించినది. అయితే బడివేళలైన పిమ్మటను, సెలవులలోను, అపాయము లేని కుటుంబవృత్తిలో తోడ్పడవచ్చునని సడలింపు నిచ్చినది. తోడ్పాటు ఎచట ముగియునో, చాకిరి ఎచట మొదలగునో నిర్ణయించువారు ఇంటివారే గనుక, ఈ సడలింపును జాగ్రత్తతో వాడుకొనవలసియున్నది.

ప్రభుత్వసాహాయ్యమునను ఒక్క పేరే నిలిచినది. 2019 డిసెంబరున ఆరంభమై 2023 వఱకు ఐదు విడతలుగా సాగిన నేతన్న నేస్తము పథకమున, సొంత మగ్గముగల కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలు అందినవి. ఆ సొమ్ము ఎందఱికో ఆధారమైనది. కాని మగ్గములెన్ని యున్నను, చేతులెన్ని యున్నను, కుటుంబమునకు ఒక్కరే లబ్ధిదారు.

కుటుంబవృత్తి యే దోషమని ఇందుకు అర్థము కాదు. తల్లి చేయి చూచి కూతురును, తండ్రి కాలు చూచి కొడుకును నేర్చిన విద్య ఏ పాఠశాలయు చెప్పజాలనిది. ఇంటిలో వృద్ధులకును పని కలదు, గౌరవము కలదు. కఱవుకాలమున, బేరము పడిపోయినపుడు, కుటుంబము పంచుకొని తినుటచేతనే మగ్గము నిలిచినది. కూలికి పెట్టుకొన్నవాడైనచో ఎన్నడో లేచిపోయెడివాడు. అయితే ఈ సుగుణమే శ్రమను కప్పిపుచ్చు ముసుగైనది. మనవారి పనికి లెక్క యేల యను ఆప్యాయపు మాట, లెక్క లేదు గనుక విలువయు లేదను కఠినసత్యముగా పరిణమించినది. మజూరి సరిపోక యువకులు బెంగళూరునకు వలసపోవుచున్నారనగా, వారు నేత గిట్టలేదని పోవుచున్నారు. ఆ గిట్టుబాటును లెక్కించునపుడు ఇంటిల్లిపాది గంటలను చేర్చినచో, మజూరి ఎంత తక్కువయో సావుకారునకును, సంఘమునకును, ప్రభుత్వమునకును ఒక్కమాటుగా తెలియును.

కావున చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది, మగ్గపు చిట్టాలోను సహకారసంఘపు పట్టికలోను నేయువాని పేరుతోపాటు పడుగు పోసినవారి పేరు, కండెలు చుట్టినవారి పేరు వ్రాయుట. రెండవది గ్రంథాలయములు చేయదగినది. అటకలపై చెదలుపట్టుచున్న పాత మజూరి పుస్తకములను, పట్టు తూనిక చీట్లను, గూళ్ళ అమ్మకపు రసీదులను సేకరించి, పురాణప్రతుల ప్రక్కన భద్రపఱుపవలెను. వృద్ధస్త్రీలచే వారి పని వివరములు చెప్పించి వ్రాసియుంచవలెను. మైసూరు గ్రంథాలయపు తాళపత్రము రెండువేల యేండ్లనాటి వడుకుకత్తె కూలిని మనకు తెలిపినది. నేటి కండెచుట్టినదాని కూలిని రాబోవు తరములకు తెలుపు పత్రము పల్లెటూరి గ్రంథాలయమునందైనను ఉండవలెను గదా!