లెవీ గింజ, గడీ, తుపాకీ

1940ల నాటి హైదరాబాద్ సంస్థానంలో సుమారు 60 శాతం భూమి దివానీ, అంటే ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసేది. మరో 10 శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫేఖాస్. మిగిలింది ప్రభువులకిచ్చిన జాగీర్లు, పాయగాలు. పేరుకు దివానీ అయినా తెలంగాణ పల్లెల్లో పెత్తనం ఒకప్పుడు శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్‌లదే. సంస్థానపు దివాన్ మొదటి సాలార్‌జంగ్ శిస్తు గుత్తలను రద్దు చేసినప్పుడు వాళ్లకు పరిహారంగా వతన్లు, అంటే వంశపారంపర్య హక్కులు, దక్కాయి, ఊరి లెక్కలూ వాళ్ల గుప్పిట్లోనే మిగిలాయి. సర్వేలో మంచి భూములు వాళ్ల పేర్లకెక్కాయి. తరాలుగా దున్నుతున్న రైతు తెల్లారేసరికి కౌలుదారయ్యాడు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 గ్రామాలు, 40 వేల ఎకరాలు ఉండేవి.

ఆ సేద్యం నడిచింది వెట్టితో. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా గడీకి, అంటే దొర కోటలాంటి ఇంటికి, చాకిరీ చేయాలి. నాగు కింద అప్పుగా తెచ్చుకున్న గింజలకు పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర, ఒక్కోసారి రెండు కొలవాలి. ఈ వ్యవస్థకు దెబ్బలే కాపలా. దొర గూండాలకు పోలీసు అడ్డు రాకపోగా తోడొచ్చేవాడు. కాబట్టి ఇక్కడ హింస తుపాకులతో మొదలైందనడం సరికాదు. అది అప్పటికే భూమి లెక్కలో భాగం.

రెండో ప్రపంచయుద్ధ కాలపు లెవీ, అంటే సర్కారు తప్పనిసరి ధాన్య సేకరణ, ఈ వ్యవస్థను భరించరానిదిగా చేసింది. దేశ్‌ముఖ్‌లు తమ వాటా ఎగ్గొట్టి గింజలు దాచుకునేవారు. పటేలూ పట్వారీ చిన్న రైతు కల్లం ఊడ్చేవారు. ఆంధ్ర మహాసభ పల్లెపల్లెనా సంఘమై ఎదిగింది ఈ గింజల తగాదాలోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల కౌలు పంటను కోసుకుపోవడానికి దొర మనుషులు వస్తే, సంఘం వాళ్లను తరిమి ధాన్యం ఆమె ఇంటికి చేర్చింది. 1946 జులై 4న కడవెండిలో గడీ నుంచి పేలిన తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అప్పటికి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలే. 1947 సెప్టెంబరులో కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులు పెరిగేకొద్దీ గెరిల్లా దళాలూ పెరిగాయి.

దళాలకు తిండి, దాపు ఇచ్చింది పల్లెలే. పోరాటంలో పంచిన దొరల భూమి దక్కినవాళ్లు దాన్ని కాపాడుకోవడానికి దళాలను కాపాడారు. పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్కలో సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. గరిష్ఠ పరిమితిని మొదట 500 ఎకరాలుగా పెట్టి క్రమంగా 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరికి దించారు. పరిమితి దిగేకొద్దీ పేదలు దగ్గరయ్యారు, కలిగిన రైతులు దూరమయ్యారు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక ఆ చీలిక బయటపడింది. నిజాం పోతే చాలనుకున్నవాళ్లు తప్పుకున్నారు. పారిపోయిన దొరలు సైన్యం వెంట తిరిగొచ్చారు. సుందరయ్య లెక్క ప్రకారమే ఈ పోరాటంలో 4 వేల మంది ప్రాణాలు పోయాయి. ఈ చావుల మధ్యే సర్కారు కదిలింది: 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు, భూదానోద్యమం అక్కడే పుట్టింది. అదే ఏడు అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. పంచిన భూమిలో చాలా భాగం తిరిగి దొరల పాలైంది. అయితే వెట్టి మాత్రం పాత రూపంలో నిలబడలేదు. చాలామంది దేశ్‌ముఖ్‌లు భూములు అమ్ముకుని పట్నం చేరారు.